గోడ మీద మచ్చ, గోడ వెనక నీళ్ళు



డిసెంబరు దగ్గర పడింది. టౌనులో రంగుల షాపుల దగ్గర అప్పుడే మనవాళ్ళు కనిపిస్తున్నారు. క్రిస్మస్‌కు ముందు ఇంటికి వెల్ల వేసుకోవడం మన పెద్దల నాటి నుంచి ఉన్న అలవాటు. అప్పట్లో సున్నంలో కాస్త నీలిమందు కలిపి కుంచెతో కొట్టేవారు. ఇప్పుడు పుట్టీ పెట్టి, ప్రైమరు కొట్టి, ఎమల్షను వేయిస్తున్నాం. సంతోషమే. కాని ఈ నెలలో నలుగురు విశ్వాసులు నాతో ఒకే మాట అన్నారు. "అయ్యగారండీ, కిందటేడు వేయించిన రంగు పొక్కులు లేచి రాలిపోతోంది. గోడకి చెమ్మ ఎక్కేస్తోంది. కాస్త ప్రార్థన చేయండి." ప్రార్థన చేస్తున్నాను. దాంతోపాటు ఈ వారం ధ్యానం గోడ చెమ్మ మీదే రాస్తున్నాను. ఇదేం ధ్యానం అని నవ్వకండి. దీని గురించి బైబిలులో 21 వచనాలు ఉన్నాయి.

లేవీయకాండము 14వ అధ్యాయంలో 33 నుంచి 53 వరకు తీసి చదవండి. కుష్ఠుపొడ అనే మాట కనపడగానే ఇది రోగుల సంగతి అనుకుని మనం గబగబా దాటేస్తాం. అక్కడ చెప్పింది ఇంటి గోడ మీద వచ్చే పొడ గురించి. పచ్చగానో ఎర్రగానో ఉండి, గోడ పైభాగం కంటే లోతుకు దిగిన చారలు. అది బూజు లాంటిదే అయి ఉంటుందని చాలామంది వ్యాఖ్యానకర్తలు రాశారు. ఇంటి యజమాని వచ్చి యాజకునితో చెప్పాలి. యాజకుడు బయలుదేరేముందు ఇంట్లో సామానంతా బయట పెట్టించాలి. ఎందుకంటే ఇల్లు అపవిత్రమని తేలితే లోపలున్న వస్తువులు కూడా అపవిత్రమైపోతాయి. బీదవాడి చాప, దుప్పటి, కుండ కూడా నష్టం కాకూడదని దేవుడు ముందే చూసుకున్నాడు. నాకు ఆ ఒక్క సంగతే ఎంతో ఆదరణగా ఉంటుంది.

తరువాత యాజకుడు లోపలికి వెళ్ళి గోడను చూస్తాడు. చూసి వెంటనే తీర్పు చెప్పడు. ఏడు రోజులు ఇల్లు మూసిపెట్టి, ఏడవ రోజున మళ్ళీ వచ్చి చూస్తాడు. మచ్చ వ్యాపించి ఉంటే, పొడ ఉన్న రాళ్ళను ఊడదీసి ఊరి బయట పారవేయించాలి. లోపలి గోడ చుట్టూ గీయించి, ఆ పెళ్ళలు కూడా ఊరి బయటే పోయించాలి. వేరే రాళ్ళు పెట్టి వేరే అడుసుతో పూయించాలి. అంత చేశాక కూడా మళ్ళీ వస్తే ఇల్లు పడగొట్టడమే. రాకపోతే ఇల్లు శుద్ధమైనట్టు.

ఇందులో రెండు సంగతులు గమనించండి. మచ్చ మీద ఏదో ఒకటి పూసి కప్పేయమని ఎక్కడా లేదు. ఆ ఇంటివాడు ఏ పాపం చేశాడో విచారించమని కూడా లేదు. చూడు, ఆగు, మళ్ళీ చూడు, లోతు ఎంత ఉందో అంతవరకు తీసెయ్యి. ఇంతే.

మీలో కొందరికి తెలుసు, మా నాన్న తాపీ మేస్త్రి. సేవలోకి రాకముందు నేను కూడా ఆయన వెనక తట్ట మోసినవాణ్ణి. ఆయన పెద్దగా చదువుకోలేదు గాని గోడ దగ్గర మాత్రం డాక్టరులా ప్రవర్తించేవాడు. "రంగు పోయింది మేస్త్రీ, వచ్చి వెయ్యి" అని పిలిస్తే, రంగు డబ్బా తీసుకెళ్ళేవాడు కాదు. ఉత్త చేతులతో వెళ్ళి, ముందు ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేవాడు. "మచ్చ ఇక్కడుంది సరే, నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి?" అనేది ఆయన మొదటి ప్రశ్న. ఆయన దగ్గర నేర్చుకున్నదీ, తరువాత చదివి తెలుసుకున్నదీ మీకు పనికొచ్చేలా చెబుతాను. గోడకు నీళ్ళు నాలుగు దారుల్లో వస్తాయి.

మొదటిది, కింద నుంచి ఎక్కే చెమ్మ. దీపం వత్తి నూనె పీల్చినట్టు ఇటుక, సిమెంటు నేలలోని నీటిని పైకి పీలుస్తాయి. నేల దగ్గర మొదలై మామూలుగా మూడడుగుల లోపు ఆగిపోతుంది. దాని పై అంచు గోడ పొడుగునా అలలా ఉంటుంది. ఆ అంచు దగ్గరే తెల్లగా ఉప్పు పూస్తుంది. వాన పడినా పడకపోయినా ఏడాది పొడుగునా ఉంటుంది. పునాది మీద, గోడ మొదలయ్యే చోట తేమను అడ్డుకునే పొర వేయకపోతే ఇలా అవుతుంది. పొర వేసినా, బయట మట్టి గాని రోడ్డు గాని దాని కంటే ఎత్తుకు పెరిగితే నీళ్ళు ఆ పొరను దాటి పక్కనుంచి గోడలోకి వస్తాయి. మన కాలువల ప్రాంతంలో నేల నీరు పైపైనే ఉంటుంది కాబట్టి ఇది ఎక్కువ.

రెండవది, పై నుంచి దిగే చెమ్మ. శ్లాబు అంచున, పిట్టగోడ కిందనో సన్‌షేడ్ పైనో మచ్చ మొదలవుతుంది. వాన పడిన కొన్ని గంటలకో మర్నాటికో పెరుగుతుంది, ఎండలు కాస్తే తగ్గుతుంది. ముందు డాబా ఎక్కి చూడండి. నీళ్ళు పోయే గొట్టంలో ఆకులు అడ్డుపడ్డాయా? నీళ్ళు ఎక్కడైనా మడుగు కడుతున్నాయా? శ్లాబూ పిట్టగోడా కలిసే మూలలో పగులు ఉందా? చాలా ఇళ్ళల్లో దోషం ఆ మూలలోనే దొరుకుతుంది. అనుమానం తీరకపోతే గొట్టానికి గుడ్డ కుక్కి, ఒకటి రెండు అంగుళాల నీళ్ళు ఒక రోజు నిలబెట్టి కింద చూడండి. ఊచలు బయటపడిన పాత శ్లాబు మీద మాత్రం ఈ పని చేయవద్దు.

మూడవది, గోడలోని పైపు. గోడ మధ్యలో ఒకేచోట మచ్చ. వానతో, ఎండతో పని లేదు. అవతలి పక్కన బాత్రూమో, సింకో, మేడ మీది ట్యాంకు పైపో ఉంటుంది. రాత్రి పడుకునే ముందు కుళాయిలన్నీ కట్టేసి, ట్యాంకులో నీళ్ళు ఎంత వరకు ఉన్నాయో గుర్తు పెట్టండి. ఎవరూ వాడకుండానే తెల్లారేసరికి మట్టం దిగిపోతే పైపు కారుతున్నట్టే. మట్టం దిగకపోతే, బాత్రూము రెండు మూడు రోజులు వాడకుండా ఉండి మచ్చ ఏమైనా ఆరుతుందేమో చూడండి. ఆరితే దోషం నేల గచ్చులో గాని, నీళ్ళు బయటికి పోయే గొట్టంలో గాని ఉంది.

నాలుగవది, గాలిలోని తేమ. బీరువా వెనక, మంచం తలాపున, గది మూలల్లో నల్లటి చుక్కలు చుక్కలుగా బూజు పడుతుంది. ఉప్పు ఉండదు. చలికాలంలో కిటికీలన్నీ బిగించి, గదిలోనే తడి బట్టలు ఆరేసి, పక్కనే అన్నం వార్చే ఇళ్ళల్లో ఇది వస్తుంది. చల్లటి చెంబు మీద నీటి చుక్కలు పట్టినట్టు చల్లటి గోడ మీద ఆ తేమ పడుతుంది.

ఏది ఏమిటో తేలకపోతే చిన్న పరీక్షలు రెండు. తెల్లటి పొడిని తడి వేలితో రుద్దండి. కరిగిపోతే ఉప్పు, జిగటగా మసకబారితే బూజు. రెండోది, పార్సిల్ చుట్టే వెండి కాగితం ఒక అడుగు ముక్క తీసుకుని నాలుగు పక్కలా టేపుతో గోడకు గాలి పోకుండా అంటించండి. ఒకటి రెండు రోజుల తరువాత చూడండి. కాగితం పైన, గది వైపు నీటి చుక్కలుంటే తేమ గాలిలోది. కాగితం వెనక ఉంటే గోడలోది. గోడ మీద టేపు అంటుకోనంత తడి ఉంటే ఇక పరీక్షే అక్కర్లేదు!

ఇప్పుడు ఒక సహోదరి సంగతి చెబుతాను. ఆమె అనుమతి తీసుకునే రాస్తున్నాను. ఆమె భర్త ప్రభువు దగ్గరికి వెళ్ళి చాలా కాలమైంది. కొడుకు కువైట్‌లో డ్రైవరు. కోడలు, ఆరేళ్ళ మనవరాలు ఆమె దగ్గరే ఉంటారు. ప్రతి ఏడూ నవంబరులో కొడుకు డబ్బు పంపేవాడు, ఆమె రంగు వేయించేది. సంక్రాంతి వెళ్ళేసరికి ముందుగది గోడ పొక్కులు లేచేది. మూడు డిసెంబర్లు ఇదే జరిగింది. 40 వేల దాకా ఆ గోడకే పోశారు. మనవరాలికి రాత్రిళ్ళు విడవని దగ్గు. ఎవరో ఆమెతో చేతబడి అన్నారు. ఇంకొకరు సింహద్వారం మార్చమన్నారు. రెండేళ్ళ కిందట, నవంబరులో ఆమె నా దగ్గరికి వచ్చి, "మా ఇంట్లో ఏదో దోషం ఉందండి అయ్యగారూ, నూనె రాసి ప్రార్థన చేయండి" అని ఏడ్చింది.

వెళ్ళాను. అందరం మోకాళ్ళ మీద ప్రార్థన చేశాం. లేచాక, "అమ్మా, ఈ బీరువా ఒకసారి ఇవతలికి జరుపుదామా?" అన్నాను. జరిపితే వెనకంతా తెల్లటి ఉప్పు, మూడడుగుల దాకా. పాప మంచం ఆ గోడకు ఆనించే ఉంది. బయటికి వెళ్ళి చూశాను. ఆ ఇల్లు కట్టినప్పుడు గచ్చు నేలకు అడుగున్నర ఎత్తున ఉండేదట. తరువాత వీధిలో రోడ్డు మీద రోడ్డు పడింది. దానికి సమంగా ఉండాలని వీళ్ళు కూడా ఇంటి చుట్టూ మట్టి పోసుకున్నారు. ఇప్పుడు బయట మట్టి, లోపల గచ్చు ఒకే మట్టంలో ఉన్నాయి. పైగా ఆ గోడ వారనే గిన్నెలు తోముకునే చోటు. నీళ్ళు పోయే దారి లేక అక్కడే ఇంకుతున్నాయి.

పాప మంచం ఆ పూటే పక్క గదిలోకి మార్పించాను. డాక్టరు ఇచ్చిన మందులు ఆపవద్దని చెప్పాను. చెమ్మ, బూజు ఉన్న ఇళ్ళల్లో ఉబ్బసం, ఊపిరి ఇబ్బందులు ఎక్కువగా వస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే ఒక పుస్తకంగా వేసి చెప్పింది. చేతబడి భయంతో మనం అసలు కారణం వైపు చూడకుండా పోతాం. అది చాలా ప్రమాదం.

ఆ రోజు గోడ మీద తేమ అంచు వెంబడి పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వేశాం. గిన్నెలు తోమే చోటు దూరంగా మార్చి, రెండు వారాలు ఆగాం. తోమే చోటుకు ఎదురుగా ఉన్న భాగంలో తడి తగ్గింది, మిగతా గోడంతా అలాగే ఉంది. అంటే రెండు దారులున్నాయన్నమాట. పక్కనుంచి ఇంకే వాడుక నీళ్ళు ఒకటి, చుట్టూ పోసిన మట్టి నుంచి వచ్చే తేమ ఇంకొకటి. సంఘంలోని యువకులు ఒక శనివారం వచ్చి గోడ వారన మట్టి అంతా పునాది పైపొర కంటే కిందికి తవ్వేసి, నీళ్ళు ఇంటికి దూరంగా పోయేలా వాలు చేశారు.

అసలు కష్టం అప్పుడొచ్చింది. లోపల పాత ప్లాస్టరు మచ్చ పైన ఇంకో అడుగు దాకా కొట్టేయాలి. కొట్టాక గోడ ఆరాలి. అంటే క్రిస్మస్‌కు ఆమె ముందుగదిలో ఇటుకలు కనపడతాయి. "చుట్టాలొస్తారండీ. కొడుకు అంత డబ్బు పంపాడు, ఈవిడ ఏం చేసిందనుకుంటారు?" అంది. ఆ మాట తేలిగ్గా తీసేయలేం. ఒంటరి ఆడమనిషికి ఊళ్ళో గౌరవం అనేది గోడ లాంటిదే. నేను బలవంతం చేయలేదు. లేవీయకాండము 14 ఆమెతో కలిసి చదివాను. రెండు రోజుల తరువాత ఆమే ఫోను చేసింది. "ఆయన రాళ్ళే ఊడదీయమన్నాడు కదండీ, నేను పెచ్చులు తీయలేనా? మేస్త్రిని పంపించండి."

ఆ క్రిస్మస్‌కు పాటల బృందం ఆ ఇటుక గోడ ముందే నిలబడి పాడింది. ఎవరూ ఏమీ అనలేదు.

పెచ్చులు ఎందుకు తీయాలో చెబుతాను. వానాకాలంలో మన వంటింట్లో ఉప్పు డబ్బా నీరు కారుతుంది కదా. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు దానంతట అది నీటిని లాక్కుంటుంది. ప్లాస్టరులో ఉప్పు మిగిలిపోతే, నీళ్ళ దారి మూసేసినా ప్రతి వర్షానికీ గోడ మళ్ళీ చెమరుస్తుంది. అందుకే ఉప్పు పట్టిన ప్లాస్టరు మొత్తం పోవాలి. ఇటుకల మధ్య సందులు కూడా గీకి, పొడి కుంచెతో ఉప్పు దులపాలి. నీళ్ళతో కడగకూడదు, కడిగితే ఉప్పు కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. బూజుకు మాత్రం దీనికి వ్యతిరేకం. పొడిగా దులిపితే అది గాలిలో లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని సబ్బు నీళ్ళ తడిగుడ్డతో తుడవాలి. బ్లీచింగు నీళ్ళూ బాత్రూము యాసిడ్డూ ఎప్పుడూ కలపకండి, విషవాయువు పుడుతుంది. తడి గోడలో స్విచ్ బోర్డు ఉంటే ముందు మెయిన్ ఆపండి.

ఆరడానికి అంగుళం మందానికి ఒక నెల అని మేస్త్రీల మోటు లెక్క. తొమ్మిదంగుళాల గోడకు తొమ్మిది నెలలు. మన ఎండలకు కొంచెం ముందే ఆరవచ్చు. ఆ సహోదరి మే నెలాఖరు దాకా ఆగింది. అప్పటికి కాలువలు కట్టేశారు, నేల నీరు కిందికి దిగింది, గోడ తట్టితే గలగలమంది. అప్పుడు గుల్ల సున్నం, ఇసుక కలిపి పూయించాం, పైన సున్నమే వేయించాం. చిక్కటి సిమెంటు పూస్తే తేమ బయటికి రాలేక ఇంకా పైకి ఎక్కుతుంది. మూడడుగుల చెమ్మ నాలుగడుగులవుతుంది. మొదటి వానాకాలంలో అక్కడక్కడా కాస్త ఉప్పు పూసింది, కుంచెతో దులిపేసింది. ఈ ఏడు అది కూడా లేదు. మూడేళ్ళు రంగులకు పోసిన దాంట్లో సగం కూడా ఖర్చు కాలేదు.

మట్టి తీసినా చెమ్మ తగ్గని ఇళ్ళుంటాయి. వాటిలో పునాది పైన అసలు అడ్డుపొరే ఉండదు. అప్పుడు గోడను మూడేసి అడుగుల ముక్కలుగా కోసుకుంటూ తారు షీటు దూర్చడమో, కింది వరసలో దగ్గర దగ్గరగా రంధ్రాలు చేసి నీటిని వికర్షించే మందు ఎక్కించడమో చేయాలి. అది అనుభవం ఉన్న మేస్త్రి చేతనే చేయించండి. కొత్తగా కట్టుకునేవారికి ఒక మాట. గచ్చు చుట్టూ ఉన్న నేల కంటే కనీసం 45 సెంటీమీటర్లు ఎత్తుండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. రోడ్డు రేపు పెరుగుతుంది కాబట్టి మీరు ఇంకా ఎక్కువే పెట్టుకోండి. చెరువుల పక్కన ఉప్పు బోరు నీళ్ళతో సిమెంటు కలపకండి. ఊచలున్న కాంక్రీటు కలిపే లీటరు నీటిలో క్లోరైడు 500 మిల్లీగ్రాములు దాటకూడదని భారత ప్రమాణం ఐఎస్ 456 నియమం. నీళ్ళు పరీక్ష చేయించుకుంటే కొద్ది ఖర్చుతో పోతుంది.

ఇప్పుడు డిసెంబరు సంగతి. తుఫాన్లు, నవంబరు వానలు తాగి గోడ ఏడాదిలో ఎక్కువ తడిగా ఉండేది ఇప్పుడే. సరిగ్గా ఇప్పుడే మనం దాని మీద రంగు వేసి మూత పెడుతున్నాం. చెమ్మ లేని గోడలకు రంగు వేసుకోండి, ఆనందించండి. చెమ్మ ఉన్న గోడను ఈ ఏటికి అలాగే వదిలేసి, పెన్సిలు గీత గీసి తేదీ వేయండి. మార్చి, ఏప్రిల్‌లో పని మొదలుపెట్టండి. యెహెజ్కేలు 13వ అధ్యాయంలో కూడా బలం లేని గోడకు పైపూత పూసినవారి సంగతి ఉంది. వర్షం వచ్చేదాకానే ఆ పూత నిలిచింది.

పాపమైనా, అప్పయినా, ఇంట్లో భార్యాభర్తల మధ్య మాటలు ఆగిపోయినా మనం చేసేది ఇదే కదా ప్రియులారా. పండగ దగ్గరికి రాగానే పైన ఒక పూత వేస్తాం. ఎవరైనా వచ్చి బీరువా జరిపి చూస్తారని భయపడతాం. ఆ యాజకుడు మాత్రం మందిరం దగ్గరే కూర్చుని తీర్పు చెప్పలేదు. ఆ ఇంటికి నడిచి వెళ్ళాడు, ఏడు రోజులాగి మళ్ళీ వెళ్ళాడు. ఇంటివాణ్ణి నిందించకుండా గోడను చూశాడు. సంఘం అంటే అలా వెళ్ళి చూసేవారే.

అందుకని ఈ ఆదివారం ఆరాధన అయ్యాక తాపీ పని తెలిసిన మన సహోదరులు ముగ్గురు మందిరం దగ్గర ఉంటారు. రంగు కొనకముందే వాళ్ళతో మాట్లాడండి. ముఖ్యంగా ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళ ఇళ్ళకు మనమే వెళ్దాం. వాళ్ళు అడగరు, అడగడానికి సిగ్గుపడతారు. ఇద్దరు యువకులు, ఒక గునపం, ఒక శనివారం ఉంటే చాలా గోడలు బాగుపడతాయి.

ప్రభువు మీ ఇళ్ళనూ, ఇళ్ళల్లోని పసిపిల్లల ఊపిరినీ కాపాడును గాక. ఆమెన్.